పారా హుషార్! : మోటారు సైకిలునకు రక్షణ అలారము

"దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు" అను సామెతను ఎరుగనివారు మనలో అరుదు. కుక్క మొరగుట ఎంత ముఖ్యమో, వేళకు మొరగుట అంతకంటె ముఖ్యమని దీని తాత్పర్యము. నేడు మోటారు సైకిళ్లకు అమర్చుచున్న అలారము కూడ ఇట్టి కావలి కుక్కయే. వేళకు మొరిగినచో యజమాని సొత్తును కాపాడును. వేళ కాని వేళ మొరిగినచో ఇరుగుపొరుగు వారి నిద్ర చెరచును. అసలే మొరగనిచో పెట్టిన సొమ్ము వృథా. ఈ మూడింటిలో ఏది జరుగునో అది ఆ పరికరమును అమర్చిన తీరును బట్టి యుండును. ఆ తీరును మన విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తెలుగు పాఠము చెప్పువాడు బ్యాటరీలను, వైర్లను గూర్చి వ్రాయుటయేమని కొందరు అడుగవచ్చును. నాకు గల అర్హత ఒక్కటే. మొదట తెలియక తప్పుగా అమర్చించుకొని నష్టపడితిని. తరువాత పని తెలిసిన వారి చెంత కూర్చుండి, సరియైన పద్ధతిని చూచి నేర్చుకొంటిని. పొరపాటు చేసినవాడు చెప్పు పాఠము ఒక్కొక్కప్పుడు పండితుడు చెప్పు పాఠముకంటె ఉపయోగపడును.

మాటల వెనుక కథ

పూర్వము ఊళ్లలో కావలివారు రాత్రివేళ వీథుల వెంట తిరుగుచు "పారా హుషార్" అని కేక వేయుచుండెడివారు. ఉర్దూలో పహరా అనగా కాపలా, హోషియార్ అనగా జాగరూకత గలవాడు. ఈ రెండు మాటలును తెలుగువారి నోట నలిగి తెలుగు మాటలే అయినవి. ఖబర్దార్ అను మాట కూడ అట్టిదే. ఖబర్ అనగా వార్త. వార్త ఎరిగినవాడే ఖబర్దార్. గస్తీ, ఫిర్యాదు మున్నగు మాటలు సైతము ఆ త్రోవనే మనకు వచ్చినవి. సొత్తును కాపాడుకొను భాషలో మన ఉర్దూ, తెలుగు ఎంతగా కలిసిపోయినవో విద్యార్థులు గమనింపవలెను.

ఇక అలారము అను మాట ఇటాలియన్ భాషలోని "అల్ ఆర్మె" అను పిలుపునుండి పుట్టి, ఫ్రెంచి ద్వారమున ఇంగ్లీషులోనికి వచ్చినది. "ఆయుధములు పట్టుడు" అని దాని అర్థము. అనగా అలారము ఆయుధము కాదు. ఆయుధము పట్టుమని పిలుచు కేక మాత్రమే. కేక విని లేచువాడు లేనిచో కేకవలన ప్రయోజనము లేదు. ఈ ఒక్క విషయమును మనసున నిలుపుకొన్న యెడల, తరువాత చెప్పబోవు నియమములన్నియు తామే బోధపడును.

ఐరాల పల్లెలలో మోటారు సైకిలు

ఐరాల మండలపు పల్లెలలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. తెల్లవారుజామున పాల క్యానులు కేంద్రమునకు పోవుట దానిపైననే. చెరకు తోటకు ఎరువు మూట, జబ్బు చేసిన ముసలివారిని ఆసుపత్రికి, పిల్లలను కళాశాలకు చేర్చుట కూడ దానిపైననే. కొన్ని సంవత్సరముల క్రిందట ఆ ప్రాంతమునుండి మా తరగతికి వచ్చుచుండిన ఒక విద్యార్థి నెల దినములు కానరాలేదు. విచారింపగా, వాని తండ్రి ఆవును అమ్మి, బెల్లము అమ్మిన సొమ్ము కలిపి కొన్న బండి ఒక పెండ్లి మండపము ముందర మాయమైనదని తెలిసినది. ఆనాడు సైడు లాకు వేయుట మరచినాడట. పోయినది బండి యొక్కటే కాదు. పాల వాడుక పోయినది. పిల్లవాని చదువులో ఒక నెల పోయినది. అన్నిటికంటె మిన్నగా, తన మరపువలన ఇల్లు నష్టపడినదను దిగులు వానిని చాల కాలము వదలలేదు.

ఈ మండలముననే బాహుదా నదీ తీరమున కాణిపాకము కలదు. వినాయక చవితితో మొదలగు 21 దినముల బ్రహ్మోత్సవములకు వేలకొలది జనులు వత్తురు. క్రొత్త వాహనములకు పూజ చేయించుకొనుటకును అచ్చటికే పోవుదురు. ఆ సన్నిధి సత్య ప్రమాణములకు ప్రసిద్ధి చెందినది. సొత్తు పోయినపుడు అనుమానితుని చేత అచ్చట ప్రమాణము చేయించుట ఈ సీమలో చిరకాలముగా నున్న ఆచారము. అబద్ధపు ప్రమాణమునకు జనులు జంకుదురు.

అయితే ప్రమాణము చేయింపవలెనన్నచో అనుమానితుడు కన్నుల ఎదుట నుండవలెను. వెనుకటి కాలమున దొంగ ఊరివాడో, పొరుగూరివాడో అయి యుండెడివాడు. చిత్తూరు జిల్లా తమిళనాడు, కర్ణాటకములకు సరిహద్దున నున్నది. ఇచ్చట తాళము తీసిన బండి కొద్ది గంటలలో మరియొక రాష్ట్రమున నుండగలదు. ముఖము తెలియని దొంగను ఏ ప్రమాణమునకు పిలుతుము? కావున దొంగతనము జరిగిన పిమ్మట సత్యమును తేల్చుటకంటె, జరుగకుండ జాగ్రత్త పడుటయే నేటి ధర్మము. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత దైవముపై భారము వేయుమను బోధ ముస్లిముల ఇండ్లలో పిల్లలకు చెప్పుదురు. రెండు చోట్లను సారము ఒక్కటే.

దొంగ ఎచ్చట చూచును?

మన ప్రాచీనులు చోరవిద్యను కూడ ఒక కళగా వర్ణించిరి. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయును. దండి దశకుమారచరితమున అపహారవర్మ కథ కలదు. దానిని 13వ శతాబ్దమున కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చెను. ఈ కథలనుండి గ్రహింపదగిన లౌక్యము ఒకటి యున్నది. తలుపు గడియ ఎంత గట్టిదో దొంగకు అక్కరలేదు. గోడలో ఏ భాగమును ఇంటివారు పట్టించుకొనలేదో అదియే వానికి కావలెను.

మోటారు సైకిలు దొంగయు అంతే. సైడు లాకు వేయని బండిని త్రోసికొనిపోవును. వేసియున్నచో హ్యాండిలును బలముగా త్రిప్పి లాకు విరుచును. తాళపు చెవి వద్దనున్న వైర్లను కలిపి ఇంజను నడుపును. అరిగిన తాళమునకు వేరొక చెవి పెట్టి తీయును. లేదా ఇద్దరు కూడి బండిని ఎత్తి వాహనములో వేసికొందురు. ఈ పనులన్నిటికిని సామాన్యముగా నున్నది ఒక్కటే: బండి కదలుట. ఆ కదలికను కనిపెట్టుటయే అలారము చేయు పని.

అలారములో ఏమేమి యుండును?

విద్యుత్తుతో పనిచేయు దొంగ హెచ్చరికకు 1853లో అమెరికాలో అగస్టస్ రస్సెల్ పోప్ పేటెంటు పొందెను. తలుపు తెరచినచో విద్యుత్ వలయము పూర్తియై గంట మ్రోగుట అందలి సూత్రము. నేటి మోటారు సైకిలు అలారము దాని మనుమని వంటిది. అందు ముఖ్యముగా నాలుగు భాగములు కలవు.

మొదటిది కంపనమును పసిగట్టు సెన్సారు. కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వానిలో స్వల్పముగా విద్యుత్తు పుట్టునని 1880లో జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ సోదరులు కనుగొనిరి. అనేక సెన్సారులు ఈ ధర్మము మీదనే ఆధారపడి యున్నవి. బండి అదిరిన స్ఫటికము అదరును, విద్యుత్తు పుట్టును, వార్త అందును. రెండవది ఆ వార్తను విని నిర్ణయము చేయు నియంత్రణ పెట్టె. మూడవది కేక వేయు సైరన్. నాలుగవది మన చేతిలోని రిమోటు. రిమోటు మీట నొక్కినపుడు రేడియో తరంగము ద్వారా ఒక రహస్య సంఖ్య పెట్టెకు చేరును. చౌక రకములలో ఈ సంఖ్య ఎన్నటికిని మారదు. దానిని మరియొక పరికరముతో పట్టి నకలు చేయవచ్చును. మేలు రకములలో నొక్కిన ప్రతిసారియు సంఖ్య మారుచుండును. దీనిని రోలింగ్ కోడ్ అందురు. కొనునపుడు ఈ గుణము కలదా యని తప్పక అడుగవలెను.

బ్యాటరీ లెక్క

నేను చేసిన మొదటి పొరపాటు ఇచ్చటనే యున్నది. పట్టణమున ఒక అంగడిలో అలారము బిగింపించుకొని, వేసవి సెలవులలో బండిని వరండాలో నిలిపి ఊరికి పోయితిని. రెండు వారములకు తిరిగి వచ్చి, పరీక్షల పర్యవేక్షణకు పోవలసిన ఉదయమున తాళము త్రిప్పగా బండి మూగవోయి యున్నది. దొంగ బండిని తీసికొనిపోలేదు గాని, అలారము బ్యాటరీని తినివేసినది.

దీని లెక్క ఐదవ తరగతి బాలుడు కూడ చేయగలడు. అలారము కేక వేయనపుడు సైతము మేలుకొని యుండవలెను గదా! ఆ మెలకువకు కొంత విద్యుత్తు కావలెను. అది 10 మిల్లీ ఆంపియర్లు అనుకొందము. అనగా ఆంపియరులో నూరవ వంతు. దినమునకు 24 గంటలు గనుక 0.24 ఆంపియర్-గంటలు ఖర్చగును. చిన్న మోటారు సైకిలు బ్యాటరీ 3 ఆంపియర్-గంటలది అనుకొందము. అందు సగము ఖర్చయిన పిమ్మట సెల్ఫు స్టార్టు నమ్మదగినది కాదు. ఆ సగము, అనగా 1.5ను 0.24 చేత భాగింపగా 6 దినములు మాత్రమే వచ్చును. అలారము 20 మిల్లీ ఆంపియర్లు త్రాగునదైనచో 3 దినములే. 4 మిల్లీ ఆంపియర్లదైనచో 15 దినములు నిలుచును. కావున అలారము కొనునపుడు సైరన్ ఎంత గట్టిగా అరచును అని కాదు, ఊరకున్నపుడు ఎంత త్రాగును అని అడుగవలెను. పది దినములకు మించి బండిని కదల్చని యెడల బ్యాటరీ వైరు విప్పి ఉంచి, బండిని గొలుసుతో కట్టివేయుట మేలు.

కారు బ్యాటరీలకు పేరొందిన అమర రాజా సంస్థ 1985లో స్థాపింపబడి, తిరుపతి చెంతనున్న కరకంబాడిలో పెరిగినది. బ్యాటరీల తయారీకి పేరు పడిన సీమలో పుట్టిన మన పిల్లలకు ఈ చిన్న లెక్క రాకుండుట శోభించదు.

అమర్చు పద్ధతి

మొదట తాళము తీసివైచి, బ్యాటరీ నెగెటివ్ వైరును విప్పవలెను. పాజిటివ్‌ను ముందు విప్పరాదు. ఎందుకనగా బండి ఇనుప చట్రమంతయు నెగెటివ్‌తో కలిసి యుండును. పాజిటివ్ విప్పునపుడు స్పానరు జారి చట్రమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచును, బ్యాటరీ చెడును, చేయి కాలును. నెగెటివ్ ముందే విప్పియున్నచో ఈ భయము లేదు. తిరిగి బిగించునపుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ కడపట.

రెండవది, నియంత్రణ పెట్టెను సీటు క్రింద ఇంజను వేడికిని వాన నీటికిని దూరముగా నుంచవలెను. సెన్సారు దానిలోపలనే యున్నచో పెట్టెను చట్రమునకు గట్టిగా బిగింపవలెను. స్పాంజి మీద వదులుగా నుంచినచో దొంగ కదలిక దానికి చేరదు; ప్లాస్టిక్ మూతకు కట్టినచో గాలికి కూడ కేక వేయును. సైరన్ నోరు క్రిందికి ఉండవలెను. అట్లయిన నీరు నిలువదు.

మూడవది, వైర్లను కలుపుట. ఎరుపు వైరు బ్యాటరీ పాజిటివ్‌నకు పోవును. దానికి బ్యాటరీ చెంతనే ఫ్యూజు ఉండి తీరవలెను. ఫ్యూజును పెట్టె చెంత నుంచినచో, బ్యాటరీకిని ఫ్యూజునకును నడుమ వైరు చర్మము ఒరసికొనిపోయినపుడు కాపాడువారెవరును లేరు. సీటు క్రింద పెట్రోలు ట్యాంకు ఎంత దూరముననున్నదో తలచుకొన్న ఫ్యూజు విలువ తెలియును. నలుపు వైరును రంగు గీకి శుభ్రము చేసిన చట్రపు బోల్టునకు బిగింపవలెను. తాళము వైరును కనుగొనుటకు మల్టీమీటరు వాడవలెను. తాళము త్రిప్పినపుడు 12 వోల్టులు చూపి, తీసినపుడు సున్న చూపు వైరే అది. దీనిని చూచుటకు మాత్రము బ్యాటరీని తాత్కాలికముగ కలిపి, పిదప మరల విప్పవలెను. వైర్ల రంగులు కంపెనీ కంపెనీకి మారును గనుక రంగును నమ్మి కలుపరాదు.

నాలుగవది, అతుకులు. చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కొన్ని నెలల ఎండకు, కుదుపునకు వదులగును. సోల్డరింగు చేసి పైన స్లీవు తొడుగుట ఉత్తమము. బండితో వచ్చిన అసలు వైర్లను కోయకుండ, ఆ బండి నమూనాకు సరిపడు కప్లర్లతో కలుపుట అంతకంటె ఉత్తమము. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమ్మబడు క్రొత్త బండ్లు బి.ఎస్. 6 ప్రమాణమునకు చెందినవి. వీనిలో ఇంధనము సరఫరాను ఇ.సి.యు. అను సున్నితమైన పెట్టె నడుపును. తెలియక ఒక వైరును కోసినచో అలారము ధరకంటె ఎక్కువ ఖర్చు మీద పడవచ్చును. కంపెనీ వారంటీయు పోవచ్చును. అట్టి బండ్లకు షోరూములో తెలిసినవారి చేత చేయించుటయే మంచిది.

ఐదవది మిక్కిలి ముఖ్యము. కొన్ని అలారములకు రిమోటుతో ఇంజను నడుపు సౌకర్యము, ఆపు సౌకర్యము ఉండును. అంగడివాడు వీనిని గొప్పగా చెప్పును. బండి గేరులో నున్నపుడు రిమోటుతో స్టార్టు చేసినచో అది ముందుకు దుముకును; ఎదుట పసిబిడ్డ యుండవచ్చును. అట్లే పోవుచున్న బండి ఇంజను నడిరోడ్డున ఆగినచో వెనుక లారీ యుండవచ్చును. ఈ రెండు వైర్లను కలుపకుండుటయే నా సలహా. సొత్తును కాపాడుకొనబోయి ప్రాణమును పోగొట్టుకొనరాదు.

పరీక్షించుట

అమర్చిన వెంటనే పని ముగియలేదు. అలారము వేసి, సీటును మెల్లగా చేతితో తట్టవలెను, సైరన్ మ్రోగరాదు. స్టాండు తీసి బండిని త్రోయవలెను, మ్రోగవలెను. సైడు లాకును బలముగా త్రిప్పి చూడవలెను, మ్రోగవలెను. లారీలు పోవు రోడ్డు ప్రక్క ఒక అరగంట నిలిపి చూడవలెను, మ్రోగరాదు. దీనికి అనుగుణముగా సెన్సారు సున్నితత్వమును తగ్గించుటయో హెచ్చించుటయో చేయవలెను.

నా రెండవ పొరపాటు ఇచ్చటిది. నా అలారము పిల్లి దూకినను, ఉరుము ఉరిమినను అరచెడిది. మొదటి రాత్రి పొరుగువారు పరుగెత్తి వచ్చిరి. రెండవ రాత్రి కిటికీ తెరచి చూచిరి. మూడవ రాత్రి దుప్పటి కప్పుకొని పండుకొనిరి. నాన్నా పులి కథలో నిజముగా పులి వచ్చినపుడు పిల్లవాని కేకకు ఎవరును రాలేదు గదా! అబద్ధపు కేకలు వేయు అలారము ఊరివారి చెవులను మొద్దుబార్చును. అప్పుడది దొంగకే సాయపడును. కడకు నేనే దానిని ఆపివేసితిని. సెన్సారును సరిచేయించిన పిమ్మటనే మరల వాడుకొంటిని.

చట్టము, బీమా

అలారము నిలిపిన బండికే గాని నడుచు బండికి కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 119వ నియమము పలు స్వరములు పలికించు హారన్లను, చెవులు చిల్లులు పడు కర్కశ శబ్దము చేయు పరికరములను నిషేధించినది. సైరన్ వైరును హారను మీటకు కలిపి రోడ్డున మ్రోగించు యువకులు దీనిని గుర్తుంచుకొనవలెను.

బండి పోయినచో ఆలస్యము చేయక 112కు ఫోను చేసి, స్టేషనులో ఫిర్యాదు ఇయ్యవలెను. 2024 జులై 1 నుండి భారతీయ శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. దొంగతనము అందు 303వ సెక్షను క్రిందికి వచ్చును. ఆనాటినుండియే అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను ఏ స్టేషనులోనైనను సమాచారము ఇయ్యవచ్చును. ఎలక్ట్రానిక్ పద్ధతిన ఇచ్చినచో మూడు దినములలోపల సంతకము చేయవలెను. ఆర్.సి. నకలు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఇంటిలో వేరుగా వ్రాసి యుంచుకొనవలెను. బండి సీటు క్రింద ఉంచిన కాగితములు బండితో పాటే పోవును.

ఇక బీమా. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు ఐదు సంవత్సరముల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయినది. దీనిని చూచి పలువురు ఐదేండ్ల వరకు దొంగతనమునకు సైతము భయము లేదనుకొనుచున్నారు. ఇది పెద్ద పొరపాటు. థర్డ్ పార్టీ బీమా మన బండివలన ఇతరులకు కలుగు నష్టమునకు మాత్రమే. మన బండి పోయినచో పరిహారము రావలెనన్న సొంత నష్టమునకు వర్తించు బీమా అమలులో నుండవలెను. దానిని ఒక్క సంవత్సరమునకు మాత్రమే తీసికొన్నవారు గడువు తీరగానే పొడిగించుకొనవలెను. నేను పైన చెప్పిన విద్యార్థి ఇంట జరిగిన రెండవ నష్టము ఇదియే. మూడేండ్ల బండి, చేతిలో ఐదేండ్ల కాగితము, అందు దొంగతనము మాటయే లేదు. పరిహారము కోరునపుడు సామాన్యముగా రెండు తాళపు చెవులను అడుగుదురు గనుక రెండవ చెవిని భద్రపరచుకొనవలెను.

ముగింపు

ఈ పాఠమును సంగ్రహముగా చెప్పవలెనన్న ఇట్లు చెప్పవచ్చును. మొదట సైడు లాకు. దానికి ఖర్చు లేదు. తరువాత చక్రమునకు గట్టి గొలుసు లేక డిస్కు లాకు. ఆ పిమ్మట అలారము. వైర్ల పని ఇష్టము లేనివారికి తన బ్యాటరీ తనలోనే గల అలారము డిస్కు లాకులు దొరకును. అవి బండి బ్యాటరీని ముట్టవు. కడపట బీమా. ఒకటి తప్పినచో మరియొకటి కాపాడును. జనసమ్మర్దములో వెలుతురు గల చోటున, కాపలా యున్న చోటున నిలుపుట అన్నిటితోను కూడ చేయవలసిన పని.

ఆ విద్యార్థి తరువాత చదువు ముగించి ఉద్యోగములో చేరినాడు. మొదటి జీతములతో తండ్రికి పాతదే గాని మంచి బండి యొకటి కొనియిచ్చినాడు. మొన్న కనిపించినపుడు, అలారము పెట్టించితివా యని అడిగితిని. "పెట్టించినాను సార్. అయినా రాత్రి పూట మా నాయన మంచం బండి పక్కనే వేసుకుంటాడు" అని నవ్వినాడు. ఎంత గొప్ప సైరన్ అయినను, ఆ కేకకు లేచి వచ్చు మనిషియే అసలు కావలి. ఆ మెలకువ మనలో నుండవలెను. పొరుగింటి బండి మొరిగినపుడు కూడ మనము లేవవలెను. అప్పుడే పారా హుషార్ అను ఆ పాత కేకకు అర్థము నిలుచును.